అప్ప ఎక్కిన కొండలు, చెల్లెలు కాచిన వాకిలి: ఒక వియోగ దుఃఖ కేసు

పోయిన మనిషి జీవితం ఎంత విశాలంగా, ఎంత ఆకర్షణీయంగా కనిపిస్తే, ఆ మనిషి కోసం దుఃఖించేవారి జీవితం అంతగా మన దృష్టికి అందకుండా పోతుంది. కౌన్సెలింగ్ చేసేవారికీ ఈ చిక్కు తప్పదు. ఈ కేసును వివరంగా రాయడానికి అదే కారణం. కుటుంబాన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను. రాసినదంతా ఆమెకు చదివి వినిపించి, ఆమె సరేనన్న తర్వాతే ఈ రూపానికి తెచ్చాను.

నేపథ్యం

గజపతి జిల్లాలో ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఒక పట్టణం. 1936 ఏప్రిల్ 1న ప్రత్యేక ఒడిశా ఏర్పడినప్పుడు గీతకు అటువైపు ఉండిపోయిన తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా మాట్లాడుతూ, వియ్యాలూ కయ్యాలూ శ్రీకాకుళం జిల్లాతోనే సాగించే కుటుంబాలవి. నా దగ్గరకు వచ్చిన స్త్రీ వయసు అరవైకి కొంచెం తక్కువ. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, పిల్లలు లేక, పుట్టింటికి తిరిగి వచ్చి పెళ్లి చేసుకోని అక్కగారితో కలిసి ముప్పై ఏళ్లకు పైగా ఒకే ఇంట్లో బతికారు. అక్కను ఆమె అప్ప అనే పిలిచేవారు కనుక నేనూ ఇక్కడ ఆ మాటే వాడుతున్నాను.

అప్ప భూగోళం చెప్పే టీచరు. పటంలో చూపించిన చోటికి పిల్లలను నడిపించి తీసుకెళ్లనిదే పాఠం పూర్తయినట్టు ఆవిడ అనుకునేవారు కాదట. గేజ్ మార్పు కోసం 2004లో ఆగిపోయిన నౌపడా–గుణుపురం చిన్న రైలులో పిల్లలను ఎక్కించి వంశధార లోయ చూపించేవారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర పల్లెలకు వెళ్లి వారి భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి గారంటే ఆవిడకు గురి ఎక్కువ. ఆయన దారిలోనే సెలవుల్లో గుమ్మా, సెరంగో వైపు సవర ఊళ్లకు నడిచి వెళ్లి, గోడల మీది ఇడితాల్ బొమ్మలను నోటు పుస్తకంలోకి దించుకునేవారు. 1,501 మీటర్ల మహేంద్రగిరికి జీపులు పోయే దారి వచ్చాక కూడా పాత కాలిబాటనే ఎక్కేవారు. కోరాపుట్ జిల్లాలోని దేవమాలి, 1,672 మీటర్లతో ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం, ఆవిడకు ఏటా తప్పని మొక్కు. రిటైరైన తర్వాత హిమాలయాల వంతు వచ్చింది. ఊళ్లో ఆవిడను తలచుకునేవారు ఎవరైనా ముందుగా చెప్పే మాట కొండల గురించే.

చెల్లెలు ఆ కొండల్లో ఒక్కటీ చూడలేదు. ఇది నాకు మొదటి రోజే తెలిసిన విషయం, కానీ దాని బరువు ఎంతో చాలా ఆలస్యంగా అర్థమైంది.

చెప్పుకున్న బాధ

ఆమె ఏడుస్తూ రాలేదు. గుండెల మీద బరువు, ఊపిరి అందకపోవడం, మోకాళ్ల నొప్పులు, రాత్రి రెండింటికే మెలకువ అని చెప్పారు. ఈసీజీ, థైరాయిడ్, రక్తపరీక్షలు అన్నీ బాగానే ఉన్నాయని, పదేపదే ఆస్పత్రికి వస్తున్నారని ఫిజీషియన్ నా దగ్గరకు పంపారు. మన ప్రాంతంలో, ముఖ్యంగా ఈ వయసు స్త్రీలలో, దుఃఖం ఒంటి బాధగానే గుమ్మం తొక్కుతుంది. అందుచేత ఒంటి బాధను అబద్ధమని కొట్టిపారేయకుండా, అది ఏ వేళలో ఎక్కువవుతుందో రాసుకుని రమ్మన్నాను. సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్య అని తేలింది. ఆ వేళకు కారణం అప్పటికి ఆమె చెప్పలేకపోయారు.

అప్ప పోయి ఏడాది దాటింది. పక్షవాతం వచ్చి, పెద్ద ఆస్పత్రి కోసం బరంపురం తీసుకెళ్తుండగా దారిలో ప్రాణం పోయింది. విశాఖలో ఉండే తమ్ముడు కర్మకాండ చేశాడు, నెలనెలా మాసికాలు పెట్టాడు. విచిత్రమేమిటంటే, ఆ ఏడాదంతా ఆమె బాగానే ఉన్నారు. వంట, పిండివంటలు, బంధువుల రాకపోకలతో రోజులు గడిచాయి. సంవత్సరీకం అయిపోయి, ఇక చేయవలసినదేమీ లేదని అందరూ ఎవరి ఊళ్లకు వారు వెళ్లిన తర్వాతే కుప్పకూలారు.

ఇది డిప్రెషనా, దీర్ఘ శోకమా అన్నది ముందు తేల్చుకోవలసిన ప్రశ్న. శోకం ఎంతకాలం దాటితే దాన్ని రుగ్మతగా చూడవచ్చు అన్నదానికి అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 కనీసం ఆరు నెలలు అంటుంది. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం తన రోగనిర్ధారణ గ్రంథం డీఎస్ఎంకు 2022లో చేసిన సవరణలో పెద్దలకు కనీసం పన్నెండు నెలలు అంటుంది. ఐసీడీ అక్కడితో ఆగకుండా, ఆ మనిషి సంస్కృతిలో మామూలుగా శోకించే తీరును మించి ఉందా అని కూడా చూడమంటుంది. ఏడాది పాటు నెలనెలా తద్దినం పెట్టే ఇంట్లో ఆరు నెలల లెక్క అతకదు, కనుక నేను ఏడాది గీతనే పట్టుకున్నాను. డిప్రెషన్ ప్రశ్నావళిలో లక్షణాలు మధ్యస్థంగా కనిపించాయి. అయితే టీవీ సీరియల్, పక్కింటి పసిపాప, చింతచిగురు పప్పు వంటివి ఆమెకు ఇంకా సంతోషాన్నిస్తున్నాయి. బాధ జీవితమంతటా పరుచుకుని లేదు, ఒకే మనిషి చుట్టూ ముడిపడి ఉంది. అందువల్ల దీర్ఘ శోకాన్ని ప్రధానంగా, డిప్రెషన్‌ను దానితో పాటు నడిచేదిగా తీసుకున్నాను.

"అప్ప దగ్గరికి పోతే బాగుణ్ణు" అని ఒకసారి అన్నారు. ఇటువంటి మాటను మన ఇళ్లలో వాడుక మాటగా దాటేస్తారు, కానీ కౌన్సెలర్ దాటేయకూడదు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఉందా, ఎలాగన్నది అనుకున్నారా, ఇంట్లో పురుగుల మందు గానీ మిగిలిపోయిన మాత్రలు గానీ ఉన్నాయా అని సూటిగానే అడిగాను. అటువంటి ఆలోచన లేదు, కానీ నిద్రమాత్రల స్ట్రిప్పులు ఉన్నాయి. వాటిని పక్కింటి కోడలి దగ్గర ఉంచి రోజుకొకటి తీసుకునే ఏర్పాటు చేసి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416ను పెద్ద అంకెలతో రాసి ఫోను పక్కన అంటించమన్నాను.

మందుల విషయంలో ఫిజీషియన్‌తో మాట్లాడాను. ఆమె వాడుతున్న నిద్రమాత్ర క్లోనజెపామ్‌ను ఒక్కసారిగా ఆపితే బాధలు తిరగబడతాయి కనుక ఆయనే మెల్లగా తగ్గిస్తూ వచ్చారు. డిప్రెషన్ మందు మొదలుపెట్టాలా అన్నది చర్చించాం. దీర్ఘ శోకానికి ప్రత్యేక చికిత్సను రూపొందించిన కేథరిన్ షియర్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ శోక చికిత్సకు డిప్రెషన్ మందు సిటాలోప్రామ్‌ను జోడించడం వల్ల శోకం అదనంగా తగ్గలేదు, డిప్రెషన్ లక్షణాలు మాత్రం తగ్గాయి. ఈమెకు ముందు మాటలతో ప్రయత్నించి, డిప్రెషన్ పెరిగితే అప్పుడు మందు గురించి ఆలోచిద్దామని నిర్ణయించుకున్నాం. ఆ అవసరం రాలేదు.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. అప్ప పోవడంతో అప్ప పెన్షనూ ఆగిపోయింది. ఇల్లు గడవడం ఎలాగన్న భయాన్ని శోకం కింద జమకట్టి మనసుకే చికిత్స చేస్తూ కూర్చోవడం నాకు సబబనిపించలేదు. వితంతువుగా ఆమె ఒడిశా ప్రభుత్వ మధుబాబు పెన్షన్ యోజనకు దరఖాస్తు చేసుకోవచ్చునని చెప్పి, తమ్ముడి చేత కాగితాలు పెట్టించాను. తమ్ముడు నెలకు ఇంత పంపుతానని ఒప్పుకోవడం కూడా ఆ సందర్భంలోనే జరిగింది.

ఫలించనివి

మొదటి ప్రయత్నం స్మరణ సంచిక. అప్ప పాత విద్యార్థులు కొందరు కలిసి చిన్న పుస్తకం వేయాలనుకుంటున్నారు. అందులో చెల్లెలి వ్యాసం ఉంటే, ఆ రాత వంకతో జ్ఞాపకాలు బయటికి వస్తాయని, పదిమంది మధ్య ఆమె స్థానానికి గుర్తింపు కూడా దక్కుతుందని ఆశించాం. ఈ రెండో సంగతి చిన్నది కాదు. కర్మ చేసింది తమ్ముడు, పరామర్శలు అందుకున్నది తమ్ముడు, ఫోటోకు దండ వేసింది విద్యార్థులు. ముప్పై ఏళ్లు కలిసి బతికిన మనిషికి వంటింటిలో తప్ప చోటు దొరకలేదు. లోకం గుర్తించని ఇటువంటి శోకాన్ని అమెరికన్ పరిశోధకుడు కెనెత్ డోకా 1989లోనే సిద్ధాంతంగా వివరించాడు.

ఆమె వ్యాసం రాసి తెచ్చారు. అందులో అందరూ చెప్పే మాటలే ఉన్నాయి: ఆదర్శ ఉపాధ్యాయురాలు, ప్రకృతి ప్రేమికురాలు, అలుపెరుగని బాటసారి. చెల్లెలు ఒక్క వాక్యంలోనూ లేదు. ఆ వారం గుండెల బరువు పెరిగింది. ఊరంతా కలిసి గీసిన అప్ప బొమ్మను ఆమె చేత మళ్లీ దిద్దించామే తప్ప, ఆమెకు తెలిసిన అప్పకు ఆ రాతలో చోటు లేకపోయింది. వ్యాసాన్ని పక్కన పెట్టమన్నాను, సంచికను మాత్రం ఆపమనలేదు.

రెండోది మహేంద్రగిరి. శివరాత్రికి భీముడి గుడి, కుంతి గుడి దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు. విద్యార్థులు జీపు మాట్లాడి, టీచరమ్మకు ఇష్టమైన కొండ మీద ఆమెను తలచుకుందాం రమ్మన్నారు. శోక చికిత్సలో, తప్పించుకు తిరుగుతున్న చోట్లకు కొంచెం కొంచెంగా తిరిగి వెళ్లడం ఒక ముఖ్యమైన మెట్టు కనుక ప్రతిపాదన సిద్ధాంతానికి సరిపోయేదే. అందుకు ఎదురు నిలిచే కారణం ఒకటుంది: తప్పించుకోవాలంటే ముందు ఆ చోటుతో పరిచయం ఉండాలి కదా. ఆమే ఉత్సాహం చూపించడంతో, నచ్చకపోతే ఎక్కడ నుంచైనా వెనక్కి రావచ్చునన్న షరతు మీద వెళ్లనిచ్చాం. కొండ కిందనే జీపు దిగి తిరుగు ముఖం పట్టారు. భయపడి కాదు.

"నాకక్కడ ఏటుంది మేడమ్? అప్ప చెప్పుల గుర్తులా?" అన్నారు.

ఈ మాటలో నాకు వినిపించింది విసుగు, దాని వెనక కోపం. అప్పటివరకు అప్ప గురించి ఆమె నోట ఒక్క కటువైన మాట కూడా వినలేదు.

వాకిలి

అప్ప తిరిగిన చోట్లను వదిలి, చెల్లెలు ఉన్న చోట్లను పట్టుకోవాలని అప్పుడు నిర్ణయించి వాళ్లింటికి వెళ్లాను. వీధి వరండాలో కుర్చీ లేదు. సాయంత్రం నాలుగు కాకముందే వీధి తలుపు గడియ పెట్టి ఉంది. బస్టాండు వైపు వెళ్లవలసి వస్తే ఆమె రెండు వీధులు చుట్టి పోతున్నారని పక్కింటి కోడలు చెప్పింది. అప్ప ఊళ్లు తిరిగి ఇంటికి వచ్చే బస్సు సాయంత్రం ఆ వేళకే వస్తుంది. ముప్పై ఏళ్లు, అప్ప ఎక్కడికి వెళ్లినా, తిరిగి వచ్చే రోజు సాయంత్రం ఆమె ఆ వరండాలోనే కుర్చీ వేసుకుని కూర్చునేవారు. చివరి రోజునా అంతే. అంబులెన్సులో చోటు లేదని మగవాళ్లు ఇద్దరు ఎక్కి, ఆమెను ఇంటి దగ్గర ఉండమన్నారు. ఆమె వాకిట్లో కూర్చున్నారు. బండి తిరిగి వచ్చింది.

కాబట్టి ఆమెకు అప్పతో బంధం అంటే ఎదురుచూపే. నడకకు, కొండలకు అందులో చోటు లేదు. తప్పించుకుంటున్న చోట్ల జాబితాలో మహేంద్రగిరి, దేవమాలి చెరిపేసి వరండా, వీధి తలుపు, బస్టాండు రాశాం. సాయంత్రం నాలుగు గంటల బరువుకు కారణం కూడా దొరికింది.

కోపం ఎక్కడిదో మాత్రం ఆ రోజు తేలలేదు. అది ఆమె పద్దు పుస్తకంలో దొరికింది.

పద్దు పుస్తకం

అప్ప యాత్రలకు ఎంత ఖర్చయ్యేదో మీకు తెలియదంటూ ఒకసారి ఆమె ఇంటి పద్దు పుస్తకాలు సంచిలో వేసుకు వచ్చారు. పాలు, గ్యాసు, కరెంటు బిల్లు, చేబదులు, అన్నీ తేదీలతో ఉన్నాయి. అప్ప నోటు పుస్తకాలకూ తేదీలున్నాయి. రెండింటినీ బల్ల మీద పక్కపక్కన తెరిచి ఒకే తేదీలు వెతుకుదామన్నాను. ఇది ముందుగా వేసుకున్న పథకం కాదు. కానీ ఆమె తన పుస్తకాన్ని సాక్ష్యంగా తెచ్చుకున్నారు కనుక, దాన్ని నేను వ్యాకులతగా కాక సాక్ష్యంగానే స్వీకరించాలనిపించింది.

ఒక తేదీన అప్ప దేవమాలి మీద మంచు గురించి అరపేజీ రాశారు. అదే తేదీన చెల్లెలు పాలవాడికి బాకీ, బావికి కొత్త చేంతాడు అని రాశారు. ఇంకో తేదీన అప్ప సవర పల్లెలో రాగి అంబలి తాగారు, చెల్లెలు జ్వరం మాత్రలు కొనుక్కున్నారు. చదువుతూ చదువుతూ ఆమె నవ్వడం మొదలుపెట్టారు, మధ్యలో కళ్లు తుడుచుకున్నారు. ఒకే ఇంటి జీవితం అలా రెండు చేతిరాతల్లో మొదటిసారి ఒక చోటికి చేరింది.

2018 అక్టోబరు రెండో వారం దగ్గర ఆమె చేయి ఆగిపోయింది. అప్ప నోటు పుస్తకంలో తుంగనాథ్ దారి, చోప్తా దగ్గర కనిపించిన చౌఖంబా శిఖరాలు ఉన్నాయి. పద్దు పుస్తకంలో అక్టోబరు 11కు ఏమీ లేదు, ఆ తర్వాత కొన్ని రోజులూ ఖాళీ. ఆ తెల్లవారుజామునే తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, గజపతి జిల్లాను అల్లకల్లోలం చేసింది. వంశధార, మహేంద్రతనయ పొంగాయి, కొండచరియలు విరిగిపడి ఊళ్లలో మనుషులు చనిపోయారు. ఆ రాత్రి ఆమె ఒంటరిగా, పెంకులు ఎగిరిపోతున్న ఇంట్లో మంచం కింద ఉన్నారు. కరెంటు లేదు, ఫోను లేదు.

"అప్ప ఆ కొండల్లో చల్లగా ఉంది. ఇక్కడ కొండలు నా నెత్తి మీదకొచ్చాయి. వచ్చాక ఏమడిగిందో తెలుసా మేడమ్? పుస్తకాల బీరువా తడిసిందా అని అడిగింది."

ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. అప్పతో అసలు అనలేదు. అన్నం పెట్టిన మనిషిని పట్టుకుని అలా అనకూడదనుకున్నారు. ఆ మనిషి పోయిన తర్వాత, ఊరంతా దేవత అంటుండగా అనడం మరీ కష్టమైపోయింది. ప్రేమను తలచుకోబోతే కోపం లేస్తుంది, కోపాన్ని అణచబోతే ప్రేమా దానితో పాటే అణిగిపోతుంది. స్మరణ వ్యాసం అంత పేలవంగా రావడానికి కారణం భాష రాకపోవడం కాదన్నమాట.

పని చేసినవి

మరణించిన రోజును కళ్లు మూసుకుని వర్తమానంలో చెప్పడం, దాన్ని ఫోనులో రికార్డు చేసి ఇంట్లో వినడం షియర్ పద్ధతిలో ఉంది. అది చేశాం, అయితే రెండు మార్పులతో. ఒంటరిగా రాత్రి వినడం ప్రమాదమనిపించి, ఉదయం పూట, పక్కింటి కోడలు పెరట్లో పనిచేసుకుంటున్న వేళకు పెట్టాం. కథను అంబులెన్సు దగ్గర కాక, ఆమె వాకిట్లో కూర్చున్న క్షణం నుంచి మొదలుపెట్టించాను, ఎందుకంటే ఆమె చూసిన మరణం అదే.

తర్వాత అప్పతో సంభాషణ. ఖాళీ కుర్చీ ముందు కూర్చుని తిత్లీ రాత్రి గురించి అప్పకు చెప్పమన్నాను. ఆపైన అప్ప మాటగా జవాబు కూడా ఆమెనే చెప్పమన్నాను. కోపం వెలికి తీయించడమే లక్ష్యమైతే మొదటి సగంతో ఆపేసేదాన్ని. కానీ మనుషులు కోపం కక్కేసిన తర్వాత అపరాధ భావంలో పడిపోవడం ఎరిగినదే కనుక, జవాబు వినకుండా ఆమెను ఇంటికి పంపదలచుకోలేదు. అప్పగా ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "నువ్వుంటావనే కదే నేను పోయేదాన్ని" అన్నారు. ఇది క్షమాపణ కాదని నేను అనుకున్నాను. ఆమె మాత్రం ఇంతకన్నా ఎక్కువ అప్ప అని ఉండేది కాదని, అప్ప తీరే అదని ఖాయంగా చెప్పారు. ఆమె తీర్పునే నిలబెట్టాను.

దీనికి సమాంతరంగా వరండాలో కుర్చీ తిరిగి వచ్చింది. మొదట పొద్దున పూట, తర్వాత మూడు గంటలకు, ఆ తర్వాత బస్సు వచ్చే వేళకు. బస్టాండుకు మాత్రం పక్కింటి కోడలితో కలిసి, కూరగాయల పేరుతో వెళ్లారు. శోకంపై పరిశోధించిన స్ట్రోబె, షుట్ 1999లో ప్రతిపాదించిన నమూనాలో శోకించడం, బతుకు సర్దుకోవడం అనే రెండు పనుల మధ్య మనిషి అటూ ఇటూ ఊగుతూ ఉంటాడు, ఊగడమే ఆరోగ్యం. ఒక వారం కుర్చీ వద్దని, పెన్షన్ ఆఫీసుకు మాత్రమే వెళ్తానని ఆమె అన్నప్పుడు దాన్ని వెనకడుగుగా లెక్కించకపోవడానికి ఆ నమూనాయే నాకు ఆధారం.

సంచిక విషయం మళ్లీ వచ్చింది. పాత వ్యాసం తీసేసి, రెండు పుస్తకాల్లోని తేదీలను పక్కపక్కన అచ్చు వేయిద్దామని ఆమే అన్నారు. విద్యార్థుల్లో ఒకరిద్దరికి ఇది నచ్చలేదు, టీచరమ్మ పక్కన పాల బాకీ ఏమిటన్నారు. నేను ఆ చర్చలో కలుగజేసుకోలేదు. తిత్లీ తేదీ వేయాలా వద్దా అన్న ప్రశ్న ఒక్కటే నాతో తేల్చుకున్నారు. అచ్చయిన మాట వెనక్కి రాదని, ఊళ్లో ఆ మాటను ఎవరెలా వాడుకుంటారో ముందే ఊహించుకోమని చెప్పాను. ఆమె ఆ తేదీ వదిలేశారు. దాచిపెట్టడం కాదిది. చెప్పవలసిన వారికి చెప్పేశాక, ఊరికి చెప్పవలసిన అవసరం ఆమెకు కనిపించలేదు.

ఈ కేసు నుంచి మా పనిలోకి వచ్చిన మార్పు

శోకంతో వచ్చినవారిని పోయిన మనిషి గురించి చెప్పమని అడగడం మాకు అలవాటు. యాత్రలు, సాహసాలు చేసిన మనిషైతే ఆ కథలు వినడానికి మనకూ సరదాగా ఉంటుంది, గంట ఇట్టే గడిచిపోతుంది. ఇప్పుడు ఆ ప్రశ్న వెంటనే ఇంకొకటి అడుగుతున్నాను: ఆవిడ అక్కడ ఉన్నప్పుడు మీరు ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు? వలస కూలీల భార్యలను, సైన్యంలో ఉన్నవారి తల్లులను అడిగినప్పుడు కూడా ఈ ప్రశ్నకు వచ్చే జవాబులు చాలా దూరం తీసుకెళ్తున్నాయి. రాతకోతలు ఉన్న ఇంట్లో పద్దులు, గ్యాసు పుస్తకం, పాల కార్డు ఏవైనా తెమ్మంటున్నాను. చదువు రానివారి దగ్గర ఈ పద్ధతి ఎలా నడుస్తుందో చూడవలసి ఉంది. పండుగలు, పంటల లెక్కన తేదీలు పట్టుకోవచ్చుననుకుంటున్నాను.

ఆమెకు గుండెల బరువు చాలావరకు తగ్గింది, నిద్రమాత్ర ఆగింది. రాత్రి మెలకువ మాత్రం అప్పుడప్పుడు ఉంది. మరుసటి ఏడాది తద్దినానికి తమ్ముడు ఆమెను వంటింట్లోంచి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు, పురోహితుడు అభ్యంతరం చెప్పలేదు. విద్యార్థులు మళ్లీ మహేంద్రగిరి అంటే, మోకాళ్లు సహకరించవని మర్యాదగా చెప్పి పంపేశారు.

అక్టోబరు రెండో వారంలో తప్పక ఒకసారి రమ్మన్నాను. తుఫాను హెచ్చరికలు టీవీలో మోగే రోజులవి కనుక, ఆ వారం వార్తలు ఎంతసేపు చూడాలి, గాలి పెరిగిన రాత్రి ఎవరింట్లో పడుకోవాలి అన్నవి ఇప్పుడే ఆమె పద్దు పుస్తకంలో రాయించి పెట్టాను. పక్కింటి వాళ్లది స్లాబు ఇల్లు, కోడలు సరేనంది.